చేవ, దార్ఢ్యం, పటిష్ఠత: ‘రోబస్ట్’ అనే విశేషణం మీద ఒక విచారణ

ఇంగ్లీషులో బలాన్ని చెప్పే విశేషణాలకు కొదవ లేదు. స్ట్రాంగ్, పవర్‌ఫుల్, స్టర్డీ, టఫ్, విగరస్, రోబస్ట్ అన్నీ దగ్గరి చుట్టాలే. వీటిలో రోబస్ట్ ఒకప్పుడు మనిషి ఒంటిని, ఆరోగ్యాన్ని వర్ణించే మాట. ఇప్పుడు దాని తిరుగుడు చాలా పెద్దది. ప్రోగ్రాము రోబస్ట్, ఆర్థికవృద్ధి రోబస్ట్, పరిశోధన ఫలితం రోబస్ట్, పోలీసు చర్య రోబస్ట్, చర్చ రోబస్ట్, చివరికి కాఫీ గింజ కూడా రోబస్టా. ఇన్ని చోట్లా మాట ఒకటే గాని, అది చేసే పని ఒకటి కాదు.

ఈ మాట తెలుగులోకి వచ్చేటప్పుడు సాధారణంగా రెండు ముద్రలే పడతాయి: ‘బలమైన’, ‘పటిష్ఠమైన’. బలమైన వృద్ధి, పటిష్ఠమైన వ్యవస్థ, పటిష్ఠమైన చర్యలు. చదవడానికి ఇబ్బందేమీ లేదు. వాక్యం నడిచిపోతుంది. అయితే ఆ నడకలో ఒక ప్రశ్న జారిపోతుంది. ఒక వంతెన పటిష్ఠమైనదంటే దేనికి పటిష్ఠం? బరువుకా, వరదకా, భూకంపానికా? ఒక లెక్క రోబస్ట్ అంటే ఏ తప్పుకు రోబస్ట్? జాగ్రత్తగా వాడినప్పుడు రోబస్ట్ అనే మాట ఒట్టి బలాన్ని చెప్పదు, ఒక దెబ్బకు ఓర్చే బలాన్ని చెబుతుంది. ఆ దెబ్బ ఏమిటో చెప్పకపోతే మాట సగమే పలికినట్టు. ఇంగ్లీషులోనే ఈ సగం పలకడం మామూలైపోయింది. తెలుగు అనువాదం దాన్ని యథాతథంగా మోస్తున్నది. మిగిలిన సగాన్ని పలికించే సాధనాలు తెలుగులో దండిగా ఉన్నాయి కాబట్టే ఈ విచారణ అవసరమవుతున్నది.

మాట పుట్టుక: చెట్టు నడిమి చెక్క

రోబస్ట్‌కు మూలం లాటిన్‌లోని ‘రోబుర్’. ఓక్ చెట్టుకూ, గట్టి కలపకూ, బలానికీ రోమనులు వాడిన మాట ఇది ఒక్కటే. దాని నుంచి వచ్చిన విశేషణం ‘రోబుస్తుస్’. ఐరోపాలో విస్తారంగా పెరిగే ఓక్ జాతికి 1753లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయనామం ‘క్వెర్కస్ రోబుర్’లో ఆ పాత మాట ఇప్పటికీ అలాగే నిలిచి ఉంది. రోబుర్‌ను ఎరుపును చెప్పే ప్రాచీన లాటిన్ పదంతో ముడిపెట్టే వ్యుత్పత్తి కూడా ఉంది. అంటే చెట్టు నడుమ ఎర్రబారిన గట్టి చెక్కకు మొదట ఆ పేరు వచ్చి, తరవాత అది బలానికి పేరైందని ఆ వాదం.

ఈ మూలం నుంచే ఇంగ్లీషులో ‘కొరాబరేట్’ అనే క్రియ వచ్చింది. ఒక సాక్షి మాటకు మరో సాక్షి మాట తోడై దాన్ని గట్టిపరచడాన్ని అది చెబుతుంది. ‘రోబస్షస్’ అనే మరో రూపమూ ఒకప్పుడు ఉండేది. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో గొంతు చించుకొని అరిచే నటుణ్ణి ఎత్తిపొడవడానికి ఆ రూపం కనిపిస్తుంది. మొరటుదనం, అలజడి, అతి అనే ఛాయలు దానివి. రోబస్ట్‌లో ఈ మొరటు ఛాయ పూర్తిగా చావలేదు. అది ఎక్కడ బయటపడుతుందో ముందుముందు చూడవలసి ఉంటుంది.

లాటిన్‌లో జరిగిన ఈ అర్థవిస్తరణ తెలుగువారికి కొత్తగా తోచకూడదు. చెట్టు నడిమి గట్టి చెక్కకు తెలుగులో పేరు ‘చేవ’. ఆ మాటకే బలం, సత్తువ, ధైర్యం అనే అర్థాలూ ఉన్నాయి. చేవగల కర్ర, చేవగల మనిషి, చేవ చచ్చినవాడు, చేవదేరిన పాండిత్యం. ‘చేవ ఉంటే రమ్మను’ అని సవాలు చేసేవాడు దూలం గురించి మాట్లాడుతున్నానని అనుకోడు, కాని మాట వచ్చింది అక్కడి నుంచే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషలు కలపను కోసి చూసి ఒకే నిర్ణయానికి వచ్చాయి: బలం పైపైన ఉండదు, నడుమ ఉంటుంది, అది ఏళ్ళ మీద చేరుతుంది.

చేవ ఎలా ఏర్పడుతుందో గమనిస్తే ఈ ఉపమానం ఇంకా లోతుగా కనిపిస్తుంది. పెరిగే చెట్టులో బయటి లేత చెక్క నీటిని పైకి మోస్తుంది. వయసు వచ్చినకొద్దీ లోపలి వలయాల్లోని కణాలు ఆ పని మానుకుంటాయి. వాటిలో రంగునూ ఘాటునూ చేదునూ ఇచ్చే పదార్థాలు పేరుకుంటాయి. టేకు వంటి చెట్లలో ఆ పదార్థాల వల్లే లోపలి చెక్కను చెదపురుగు అంత తేలికగా ముట్టదు, బయటి చెక్కను మాత్రం తినేస్తుంది. శేషాచలం కొండల్లో ఎర్రచందనానికి ఉన్న విలువంతా ఆ ఎర్రటి చేవదే. ఇల్లు కట్టుకునేవాడు దూలాన్ని చూసి ‘చేవ ఉందా’ అని అడిగితే, అది ఎంత బరువు మోస్తుందన్నది ఒక్కటే ప్రశ్న కాదు. చెదకూ తడికీ ఓర్చి ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది కూడా అందులో ఉంది. రోబస్ట్ అనే మాటకు ఉండవలసిన అర్థం సరిగ్గా ఇదే.

దృఢం, దార్ఢ్యం, పటిష్ఠం

చేవ ఉండగా రాతభాష సంస్కృత పదాల వైపు మొగ్గింది. వాటిలో ‘దృఢ’ శబ్దం దృహ్ ధాతువు నుంచి వచ్చింది. కదలకుండా బిగియడం, స్థిరపడడం దాని భావం. దాని భావరూపం ‘దార్ఢ్యం’. తెలుగులో నాలుక తిరగడానికి అనువుగా ఇది ‘దారుఢ్యం’ అయింది. దేహదారుఢ్య పోటీలన్నీ ఈ రూపంతోనే జరుగుతున్నాయి. ఇక్కడ ఒక చిన్న ప్రమాదం ఉంది. ‘దారు’ అంటే కొయ్య కాబట్టి, రోబుర్ లాగే దారుఢ్యం కూడా కొయ్య నుంచి పుట్టిందని ఎవరైనా చెబితే వినడానికి ముచ్చటగా ఉంటుంది. కాని అది నిజం కాదు. ‘దారుఢ్యం’లోని ‘రు’ ఉచ్చారణ సౌలభ్యం కోసం చొరబడిన అచ్చు వల్ల వచ్చింది, దానికీ కొయ్యకూ సంబంధం లేదు. మాటల పుట్టుక గురించి వచ్చే అందమైన కథల్ని కూడా చెదపరీక్షకు పెట్టవలసిందే.

‘పటిష్ఠ’ది ఇంకో కథ. జ్యేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ, బలిష్ఠ శబ్దాల్లాగే ఇది కూడా ‘అన్నిటికన్నా ఎక్కువ’ అని చెప్పే రూపం. పటు అంటే చురుకైన, సమర్థమైన, తీక్ష్ణమైన అని. పటిష్ఠ అంటే వాటన్నిటిలోకీ మిన్న. తెలుగుకు వచ్చేసరికి పోలిక మాయమైంది, చురుకుదనం కూడా మాయమైంది. మిగిలింది ఒక గంభీరమైన గట్టితనం. బందోబస్తు పటిష్ఠం, పునాది పటిష్ఠం, చట్టం పటిష్ఠం. ‘మరింత పటిష్ఠం’ అనడానికి కూడా ఎవరూ వెనుకాడరు. వాడుకలో మాట అర్థం మారడం తప్పేమీ కాదు. గుర్తించవలసింది ఏమంటే, పటిష్ఠం అనగానే తెలుగు పాఠకుడి మనసులో కదిలేది గోడ, కంచె, కాపలా. కదలనిది, లోపలికి రానివ్వనిది. రోబస్ట్ అయిన వస్తువు మాత్రం అన్నిసార్లూ లోపలికి రానివ్వనిది కాదు. చాలాసార్లు అది చెడ్డదాన్ని లోపలికి రానిచ్చి కూడా చెడిపోనిది.

స్ట్రాంగ్ వేరు, రోబస్ట్ వేరు

విశేషణం ఏ నామవాచకంతో జతకడుతుందనేది ఇష్టానుసారం కాదు. ఇంగ్లీషులో టీ స్ట్రాంగ్ అవుతుంది గాని పవర్‌ఫుల్ కాదని భాషాశాస్త్రజ్ఞుడు హాలిడే చూపిన ఉదాహరణ ప్రసిద్ధం. తెలుగు ఈ విషయంలో ఇంకా పట్టుదల గల భాష. ఇంగ్లీషు స్ట్రాంగ్ అనే ఒక్క మాటతో సరిపెట్టే చోట తెలుగు ప్రతిసారీ వేరే మాట వెతుక్కుంటుంది. కాఫీ చిక్కన, వాసన ఘాటు, గాలి ఉధృతం, ప్రవాహం ఉరవడి, మాట పరుషం, సాక్ష్యం గట్టిది, గుండె దిటవు. వీటన్నిటినీ ‘బలమైన’ చేస్తే బలమైన కాఫీ, బలమైన వాసన, బలమైన మాటలు వస్తాయి. వ్యాకరణం ఒప్పుకుంటుంది, చెవి ఒప్పుకోదు. పరాయి దేశాల్లో ఇంట తెలుగూ బయట ఇంగ్లీషూ వింటూ పెరిగిన పిల్లల మాటల్లో ఈ ‘బలమైన’ ఎక్కువగా వినిపిస్తే ఆశ్చర్యం లేదు. తెలుగు గడ్డ మీద అచ్చవుతున్న అనువాదాల్లోనూ అదే వినిపించడం ఆలోచించవలసిన విషయం.

స్ట్రాంగ్‌కూ రోబస్ట్‌కూ మధ్య గీత ఎక్కడ ఉందో ఒక పోలికతో చెప్పవచ్చు. ఎక్కువ బరువు ఎత్తేవాడు బలవంతుడు. ఎండలో తిరిగినా, వానలో తడిసినా, పూట తప్పి తిన్నా మంచం పట్టనివాడు రోబస్ట్. మొదటివాడి బలం అతను చేసే పనిలో కనిపిస్తుంది. రెండోవాడి బలం అతనికి జరిగినదానిలో, అంటే జరిగి కూడా ఏమీ కాకపోవడంలో కనిపిస్తుంది. మల్లయోధుడికి కొత్త ఊరి నీళ్ళు పడకపోవచ్చు, బక్కపలచని కూలీకి పడవచ్చు. అప్పుడు రోబస్ట్ అన్న మాట కూలీకే చెందుతుంది.

లెక్కల్లో దెబ్బకు ఓర్చడం

ఈ గీతను అందరికన్నా కచ్చితంగా గీసినవారు గణాంకశాస్త్రజ్ఞులు. 1953లో జార్జ్ బాక్స్ ‘బయోమెట్రికా’ పత్రికలో రాసిన ఒక వ్యాసంతో రోబస్ట్ అనే మాట ఆ శాస్త్రంలో పారిభాషికపదంగా స్థిరపడడం మొదలైంది. గణాంక పరీక్షలు అనేకం దత్తాంశం సామాన్య విభాజనంలో ఉందన్న ఊహ మీద ఆధారపడతాయి. ఆ ఊహ కాస్త తప్పినప్పుడు ఏమవుతుంది? సగటులను పోల్చే పరీక్షలు పెద్దగా చెదరవు. విస్తృతులను పోల్చే పరీక్షలు మాత్రం ఘోరంగా చెదురుతాయి. అయినా మొదటి రకం పరీక్ష చేసే ముందు రెండో రకం పరీక్ష చేసి చూడమనే ఆచారం ఒకటి ఉండేది. మహానౌక బయలుదేరడానికి సముద్రం ప్రశాంతంగా ఉందో లేదో చూసి రమ్మని తెడ్డుపడవను పంపడం లాంటిదని బాక్స్ దాన్ని ఎగతాళి చేశాడు. 1964లో పీటర్ హ్యూబర్ రాసిన వ్యాసంతో ఈ ఆలోచన ఒక సిద్ధాంతంగా ఎదిగింది.

ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని తేటపరుస్తుంది. ఐదు కుటుంబాల నెలసరి ఆదాయాలు వేలల్లో 18, 20, 22, 24, 26 అనుకుంటే సగటు 22, మధ్యగతమూ 22. రాసుకునే గుమాస్తా చివరి అంకెకు పొరపాటున ఒక సున్న చేర్చి 260 అని రాశాడు. మొత్తం 344 అయి సగటు 68.8కి ఎగబాకుతుంది. ఐదింటిలో నాలుగు కుటుంబాలకు అందులో సగం ఆదాయం కూడా లేదు. మధ్యగతం మాత్రం 22 దగ్గరే ఉంటుంది. ఒక్క తప్పుకు సగటు కూలిపోయింది, మధ్యగతం కూలలేదు. అంకెల్లో దాదాపు సగం చెడిపోయే దాకా మధ్యగతాన్ని ఎంత దూరమంటే అంత దూరం లాగుకుపోవడం కుదరదు. సగటును లాగుకుపోవడానికి ఒక్క అంకె చాలు.

ఇక్కడ రెండు సంగతులు గమనార్హం. మొదటిది, గణాంకశాస్త్రజ్ఞుడు ‘మధ్యగతం రోబస్ట్’ అని ఊరుకోడు. విపరీతపు అంకెలకు రోబస్ట్ అంటాడు. ఆ మాటకు చతుర్థీ విభక్తి అతుక్కొని ఉంటుంది. రెండోది, ఈ ఓర్పు ఉచితంగా రాదు. అంకెలన్నీ మచ్చ లేకుండా సామాన్య విభాజనం నుంచే వస్తే, మధ్యగతం సగటు కన్నా తక్కువ సమర్థంగా పనిచేస్తుంది. పెద్ద నమూనాల్లో దాని సామర్థ్యం సగటుతో పోలిస్తే 64 శాతం దగ్గర ఆగుతుంది. అంటే చెడ్డరోజు కోసం మంచిరోజున కొంత వదులుకోవాలి. చేవదేరిన చెక్క నీరు మోయడం మానుకున్నట్టే ఇది కూడా. ప్రకటనల్లో కనిపించే రోబస్ట్‌లో ఈ ధర ఎన్నడూ కనిపించదు.

సాఫ్ట్‌వేరు రంగంలోనూ అసలు నిర్వచనం ఇంతే జాగ్రత్తగా ఉంది. తప్పుడు సమాచారం వచ్చి పడినా, పరిస్థితులు వికటించినా ఒక వ్యవస్థ ఎంతవరకు సరిగా పనిచేయగలదో అంతవరకు అది రోబస్ట్. పుట్టిన తేదీ అడిగిన గడిలో ఎవరో పేరు రాస్తే ప్రోగ్రాము కుప్పకూలకుండా, అది తేదీ కాదని మర్యాదగా చెప్పాలి. అలాంటి ప్రోగ్రామును ‘బలమైన ప్రోగ్రాము’ అంటే అదేదో చాలా పనులు చేస్తుందని అర్థమవుతుంది. ‘పటిష్ఠమైన ప్రోగ్రాము’ అంటే దొంగలు చొరబడలేనిదని అర్థమవుతుంది. ‘తప్పుడు సమాచారాన్ని తట్టుకునే ప్రోగ్రాము’ అంటే తప్ప ఉన్న అర్థం రాదు.

పేరులో బలం, బతుకులో సందేహం

దేనికి అన్న ప్రశ్న వేయకుండా పేరు పెడితే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చూపిస్తాయి. దక్షిణాఫ్రికాలోని క్రోమ్‌డ్రాయ్ వద్ద దొరికిన శిలాజానికి 1938లో రాబర్ట్ బ్రూమ్ ‘పరాంత్రోపస్ రోబస్టస్’ అని పేరు పెట్టాడు. పేరు విన్నవారు భీమకాయుణ్ణి ఊహించుకుంటారు. నిజానికి ఆ జీవి ఒళ్ళు పెద్దది కాదు. బలమంతా దవడల్లో, దంతాల్లో, వాటిని ఆడించే కండరాలు అతుక్కునే పుర్రె ఎముకల్లో ఉంది. గట్టి ఆహారాన్ని బాగా నమిలే జీవి అది. నమలడానికి రోబస్ట్, కాలానికి కాదు. ఆ శాఖ సుమారు పది లక్షల ఏళ్ళ కింద అంతరించింది.

రోబస్టా కాఫీది ఇంకా దగ్గరి కథ. 1869లో సింహళంలో కనిపించిన ఆకు తుప్పు తెగులు ఆ ద్వీపంలోని కాఫీ తోటలను తుడిచిపెట్టింది. అక్కడ తేయాకు రాజ్యమేలడానికి దారితీసిన కారణాల్లో అది ముఖ్యమైనది. ఆ తెగులుకు అరబికా ఆగలేదు. ఆఫ్రికా నుంచి వచ్చిన కానెఫొరా జాతి ఆగింది. 1900 ప్రాంతంలో బెల్జియంలోని ఒక మొక్కల సంస్థ దాన్ని రోబస్టా అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. తెగులు విషయంలో పేరు సార్థకం. కాని ఆ పేరు విన్నవారు అది ఎండకూ ఓర్చే పంట అని కూడా నమ్ముతూ వచ్చారు. వియత్నాం, ఇండొనేసియా తోటల దిగుబడులను పరిశీలించి 2020లో వెలువడిన ఒక పరిశోధన, అనుకున్నదానికన్నా తక్కువ వేడికే అది దెబ్బతింటుందని చూపింది. తుప్పు తెగులుకు ఓర్చినదంతా ఎండకూ ఓర్చాలని లేదు. విశేషణాన్ని విభక్తి లేకుండా వాడితే ఒక చోట సంపాదించిన పరువును అది ఇంకో చోట ఖర్చు పెడుతుంది.

చేవ వేరు, వంగి లేవడం వేరు

రోబస్ట్ పక్కనే తిరిగే మరో మాట రిజిలియంట్. అనువాదంలో రెండూ ఒకటైపోతున్నాయి. రోబస్ట్ అయినది దెబ్బ తగిలినా మారదు. రిజిలియంట్ అయినది మారుతుంది, తిరిగి లేస్తుంది. ఈ భేదానికి మహాభారతం శాంతిపర్వంలో చక్కని కథ ఉంది. భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన సముద్రమూ నదుల సంవాదం అది. మహావృక్షాలను వేళ్ళతో పెకలించి తెచ్చే నదులు ఒడ్డున పెరిగే ప్రబ్బలిని ఎందుకు తేవని సముద్రుడు అడుగుతాడు. అది వరద వచ్చినప్పుడు వంగుతుంది, పోయాక నిలబడుతుందని గంగ జవాబిస్తుంది. తన కన్నా బలవంతుడైన శత్రువు ముందు రాజు ఎలా మెలగాలో చెప్పడానికి ఆ కథ వచ్చింది. కథలోని చెట్టు చేవగలదే. చెదకు ఓర్చిన చేవ వరదకు ఓర్చలేదు. ప్రబ్బలికి చేవ లేదు, కాని తేరుకునే గుణం ఉంది. తెలుగులో ఒకటి ‘తట్టుకోవడం’, రెండోది ‘తేరుకోవడం’. రెండు మాటలూ పల్లెపట్టుల్లో రోజూ వాడేవే. జ్వరాన్ని తట్టుకున్నవాడికీ జ్వరం నుంచి తేరుకున్నవాడికీ తేడా తెలియని తెలుగువాడు ఉండడు.

బహిరంగ జీవితంలో రోబస్ట్

శాస్త్రాల నుంచి రాజకీయాలకు, న్యాయస్థానాలకు వస్తే మాట ముఖం మారుతుంది. 1964లో అమెరికా సుప్రీంకోర్టు న్యూయార్క్ టైమ్స్, సలివన్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పులో జస్టిస్ బ్రెనన్ ప్రజావిషయాల మీద చర్చ ఎలా ఉండాలో చెబుతూ ఈ విశేషణాన్ని వాడాడు. అధికారుల మీద చేసే విమర్శ కటువుగా ఉన్నా, ములుకుల్లా గుచ్చుకున్నా రాజ్యాంగ రక్షణ దానికి ఉంటుందని ఆ తీర్పు సారం. ఇక్కడ ‘బలమైన చర్చ’ అని అనువదిస్తే వాదనలు బలంగా ఉన్న చర్చ అని అర్థమవుతుంది. న్యాయమూర్తి ఉద్దేశం అది కాదు. మొరటుదనాన్ని కూడా భరించే, జంకుగొంకు లేని చర్చ అని ఆయన భావం. రోబస్షస్‌లోని పాత మొరటు ఛాయ ఇక్కడ మంచిపేరు తెచ్చుకుంది.

అదే ఛాయ ఇంకొన్ని చోట్ల ముసుగు వేసుకుంటుంది. ఇద్దరు నాయకుల మధ్య రోబస్ట్‌గా అభిప్రాయాల మార్పిడి జరిగిందని బ్రిటిషు ప్రకటన అంటే, మాటామాటా పెరిగిందని అర్థం. రోబస్ట్ పోలీసు చర్య అంటే లాఠీ లేచిందని అర్థం. ‘పటిష్ఠమైన చర్యలు తీసుకున్నారు’ అని అనువదించినవాడు ఆ లాఠీని పాఠకుడి కంటికి కనబడకుండా రెండోసారి దాచినవాడవుతాడు. మొదట దాచింది ఇంగ్లీషు ప్రకటన రాసినవాడు.

ముసుగు తీస్తే ప్రతిసారీ తప్పే బయటపడుతుందని కాదు. 1994లో రువాండాలో, 1995లో స్రెబ్రెనిట్సాలో ఊచకోతలు జరుగుతుంటే ఐక్యరాజ్యసమితి శాంతిదళాలు ఆపలేకపోయాయి. ఆ వైఫల్యాల నేపథ్యంలో 2000లో లఖ్దర్ బ్రాహిమీ అధ్యక్షతన వెలువడిన నివేదిక శాంతిదళాల నియమాలు రోబస్ట్‌గా ఉండాలని కోరింది. అవసరమైతే ఆయుధం ప్రయోగించే అధికారం ఉండాలని దాని భావం. అది సమంజసమా కాదా అన్నది వేరే చర్చ. ఆ చర్చ తెలుగులో జరగాలంటే ముందు పాఠకుడికి విషయం తెలియాలి. ‘పటిష్ఠమైన శాంతిపరిరక్షణ’ అంటే తెలియదు, ‘బలప్రయోగానికి అనుమతి ఉన్న శాంతిపరిరక్షణ’ అంటే తెలుస్తుంది. అనువాదకుడి బాధ్యత అక్కడ ఉంది.

ఆర్థిక వార్తల్లో రోబస్ట్ వృద్ధి అన్నప్పుడు మాత్రం ఆ మాటలో పెద్ద అర్థమేమీ మిగల్లేదు. వృద్ధి జోరుగా ఉందని చెప్పడమే అందులోని విషయం. తెలుగులో ‘జోరైన వృద్ధి’ అంటే చాలు. అది రేపటి దెబ్బకు ఓర్చేదో కాదో ఆ వార్త చెప్పడం లేదు కాబట్టి, ‘పటిష్ఠ వృద్ధి’ అని లేని హామీని చేర్చడం అనవసరం.

తెలుగు క్రియ అడిగే ప్రశ్న

తెలుగులో ఓర్పును చెప్పే ప్రధాన సాధనం విశేషణం కాదు, క్రియ. తట్టుకొను, ఓర్చు, ఆగు, నిలుచు, లొంగకుండు. ఈ క్రియల స్వభావమే తమ పక్కన విభక్తితో కూడిన ఒక నామాన్ని కోరుకోవడం. వానకు ఆగే కప్పు. చలికి ఓర్చే పశువు. తెగులుకు లొంగని పైరు. ప్రతివాదానికి నిలిచే వాదన. ‘ఈ రకం తట్టుకుంటుంది’ అని ఎవరైనా ఆపేస్తే, వినేవాడి నోట వెంటనే వచ్చే మాట ‘దేన్ని?’. విశేషణం దాటవేసే ప్రశ్నను క్రియ దాటవేయనివ్వదు.

వ్యవసాయ తెలుగు ఈ పద్ధతిని ఎంత సహజంగా పాటిస్తుందో చూడడానికి స్వర్ణ వరి చాలు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఈ రకం రాష్ట్రాలు దాటి తూర్పు భారతమంతా పాకింది. దిగుబడిలో దిట్ట, ముంపు వస్తే మాత్రం కుళ్ళిపోయేది. ఒడిశా ప్రాంతపు పాత రకం నుంచి గుర్తించిన సబ్-1 జన్యువును స్వర్ణలోకి తెచ్చి, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించిన స్వర్ణ సబ్-1 రకం 2009లో భారతదేశంలో విడుదలైంది. నీట మునిగినప్పుడు ఆ మొక్క పైకి సాగే ప్రయత్నం మానుకొని ఉన్న శక్తిని దాచుకుంటుంది, నీరు తీశాక మళ్ళీ పెరుగుతుంది. ఇటువంటి రకాన్ని రైతులకు పరిచయం చేసే తెలుగు ‘పటిష్ఠమైన వరి’ అనదు. ‘ముంపును తట్టుకునే వరి’ అంటుంది. ఎన్ని రోజుల ముంపును అన్నది రైతు వెంటనే అడిగే ప్రశ్న. సుమారు రెండు వారాలు అన్నది జవాబు. నెలల తరబడి నిలిచే నీటికి ఈ ఓర్పు చాలదు. మాట ఎంత చెప్పిందో అంతే నమ్మవచ్చు, చెప్పినంతా నమ్మవచ్చు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, తేలికైనది కాదు. క్రియాజన్య విశేషణాలతో మాట పొడుగవుతుంది, వార్తాపత్రిక శీర్షికలో ఇమడదు. శాస్త్రగ్రంథంలో పదేపదే వచ్చే పారిభాషికపదం ఒక్క మాటగా ఉండాలి. పైగా కొన్నిచోట్ల ఇంగ్లీషు రచయిత దేనికి రోబస్టో చెప్పనప్పుడు, అనువాదకుడు ఆ లోటును ఊహించి పూరించడం కూడా న్యాయం కాదు. ఈ మూడింటికీ ఒకే జవాబు లేదు. శాస్త్రపరిభాషలో ‘చేవ’ను నామంగా, ‘చేవగల’ను విశేషణంగా నిలబెట్టుకోవచ్చు. విపరీతపు అంకెలకు చేవగల మధ్యగతం అన్నప్పుడు విభక్తి కూడా దానితో ఒదిగి వస్తుంది. ఆ మాట కొత్తగా ధ్వనిస్తుందనుకున్నవారు రోబస్ట్‌నే తెలుగు లిపిలో రాసుకున్నా నష్టం తక్కువ. తెలియని మాట పాఠకుణ్ణి ఆపి అడిగిస్తుంది, తెలిసినట్టుండే తప్పుమాట అడగనివ్వదు. శీర్షికలో పటిష్ఠం తప్పనిసరైతే, కింది వార్త మొదటి పేరాలోనైనా దేనికన్నది రావాలి. మూలంలోనే ఆ సంగతి లేకపోతే, అది లేదన్న విషయం తెలుగులో కనబడేలా అనువదించడం అనువాదకుడు చేయగల పని. గోడలకూ పునాదులకూ బందోబస్తుకూ పటిష్ఠం ఎలాగూ ఉండనే ఉంటుంది.

వేదాంత భాష్యకారులు తరచుగా చెప్పే న్యాయాల్లో స్థూణానిఖనన న్యాయం ఒకటి. గుంజ పాతేవాడు దాన్ని గోతిలో దించి, మట్టి కూరి, చేత్తో పట్టుకొని అటూ ఇటూ ఊపుతాడు. కదిలితే ఇంకాస్త మట్టి కూరి మళ్ళీ ఊపుతాడు. సిద్ధాంతాన్ని కూడా అలాగే ఆక్షేపణలతో ఊపి ఊపి స్థిరపరచాలని ఆ న్యాయం. పందిరి వేసే ప్రతివాడూ ఈ పని చేస్తాడు. ఊపి చూడని గుంజను గట్టిదని ఏ పెద్దమనిషీ ఒప్పుకోడు. ఒక వ్యవస్థను, ఒక లెక్కను, ఒక చట్టాన్ని రోబస్ట్ అని ఎవరైనా చెప్పినప్పుడు తెలుగులో అడగవలసిన ప్రశ్నలు కూడా ఆ పందిరి కింద వినిపించేవే: ఎవరు ఊపి చూశారు, ఎటువైపు ఊపారు, ఎంత గట్టిగా ఊపారు?